విశాఖకు ఇల్లు మార్చేవారు ముందుగా లెక్కవేయవలసింది అక్కడి తేమను

అమెరికాలో చాలా ఏళ్లు ఉండి, ఇక ఆంధ్ర తీరానికి వచ్చేద్దామని నిశ్చయించుకున్న కుటుంబాల్లో మొదటి రోజే మొదలయ్యే వాదన ఒకటి ఉంది. ఇంట్లో ఒకరు అన్నీ అమ్మేసి సూట్‌కేసులతో వెళ్దామంటారు, ఇప్పుడు ఇండియాలో దొరకనిది ఏముందని అడుగుతారు. ఇంకొకరు ఎలాగూ ఇరవై అడుగుల కంటైనరు మాట్లాడుకుంటున్నాం కదా, సగం ఖాళీగా పంపినా దాదాపు అదే ఖర్చు, నింపేద్దామంటారు. న్యూజెర్సీ నుంచి విశాఖపట్నానికి మేము ఇల్లు మార్చినప్పుడు మా ఇంట్లోనూ ఈ రెండు మాటలూ వినిపించాయి. ఆ తరువాత అదే దారిన వస్తున్న బంధువులకు సామాను జాబితాలు తయారుచేయడంలో సాయం చేస్తున్నప్పుడు కూడా ఇవే వింటున్నాను. ఇద్దరి లెక్కా డబ్బు చుట్టూనే తిరుగుతుంది: కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, రవాణాకయ్యే ధర. ధర సంగతి తరువాత చూసుకోవచ్చునని నేనంటాను. కిటికీలు తెరిచి ఉండే, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో నీరు నిండి ఉండే ఇంట్లో ఈ వస్తువు మూడు వానాకాలాలు నిలుస్తుందా అన్న ప్రశ్నను ప్రతి వస్తువు ముందూ నిలబడి వేసుకున్నాకే కంటైనరు కొలత గురించి ఆలోచించాలి.

ఉష్ణమండలం అనగానే అందరూ ఎండ గురించి మాట్లాడతారు. విశాఖలో సామానును పాడుచేసేది ఎండ కంటే ఎక్కువగా నీటి ఆవిరి. న్యూజెర్సీలో చలికాలం హీటరు నడిచే ఇంట్లో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి ఇముడ్చుకోగల నీటి ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, 25, 30 శాతానికి పడిపోతుంది. ఆ గాలిలో చెక్క తన ఎండు బరువులో 5, 6 శాతం నీటిని మాత్రమే నిలుపుకుంటుంది. అదే చెక్కను 70 నుంచి 80 శాతం ఆర్ద్రత ఉండే చోటికి తెస్తే, 13 నుంచి 16 శాతం దాకా నీటిని పీల్చుకున్న తరువాత గాని కుదురుకోదు. ఆ పీల్చుకోవడంలో పలక అడ్డంగా ఉబ్బుతుంది, సొరుగులు బిగుసుకుపోతాయి, జిగురుతో అతికిన చోట్లు విడిపోతాయి, పైన అంటించిన పలుచని పొర లేచిపోతుంది. మన పెద్దలు ద్వారబంధాలకూ మంచాలకూ టేకు వాడడంలో హోదా కొంత ఉండవచ్చు గాని, అసలు కారణం వేరు: టేకు చేవ తేమకు తక్కువగా కదులుతుంది, చెదలు దాని జోలికి అంత సులభంగా రావు. అమెరికాలో మనం కొనుక్కున్న బల్లల్లో, పుస్తకాల అరల్లో ఎక్కువ భాగం పైన్ చెక్కవి, లేదా చెక్కపొట్టును జిగురుతో ఒత్తి తయారుచేసిన పార్టికల్ బోర్డువి. ఆ బోర్డు అంచుల్లోంచి తేమ పీల్చి ఉబ్బుతుంది; ఒకసారి ఉబ్బితే మళ్లీ పూర్వపు మందానికి రాదు. ప్రయాణానికని విప్పి మళ్లీ బిగించినప్పుడే స్క్రూల పట్టు సగం పోతుంది, మొదటి వానాకాలంలో మిగతా సగం పోతుంది. వాటి ధర ఎంతైనా సరే, వాటికి కంటైనరులో చోటు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాదుకు వెళ్లేవారికి ఈ లెక్క కొంత సడలుతుంది. దక్కను పీఠభూమి మీద గాలి ఏడాదిలో చాలా నెలలు పొడిగానే ఉంటుంది. విశాఖకూ కాకినాడకూ మచిలీపట్నానికీ నెల్లూరుకూ మాత్రం ఏ సడలింపూ లేదు. విశాఖలోనే మధురవాడ లోపలి వీధుల్లో ఉన్న ఇంటికీ, లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు తెరుచుకునే ఇంటికీ తేడా ఉంటుంది, ఎందుకంటే రెండో చోట తేమకు ఉప్పు తోడవుతుంది. వంటింటి స్టీలులో ఎక్కువగా వాడే 304 రకం కూడా ఉప్పుగాలికి గోధుమరంగు మచ్చలు తేలుతుంది. ఏసీ బయటి పెట్టె తుప్పు పట్టిపోతుంది. అందుకని ఇల్లు ముందే ఖాయమైన వారికి నేను చెప్పే మొదటి పని ఇది: ఆర్ద్రతను కొలిచే చిన్న మీటరు ఒకటి కొని, విశాఖలో ఉన్న అన్నయ్యకో వదినకో ఇచ్చి, ఆ ఇంటి అలమరలో, తలుపు మూసి, కొన్ని నెలలు ఉంచమని అడగండి. జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి ఆ అంకెలు తెలుసుకుంటే, ఏది తీసుకువెళ్లాలన్న చర్చలో సగం మాటలు వాటంతట అవే తగ్గిపోతాయి.

"ఏసీ ఉంటుంది కదా" అన్నది ఈ వాదనకు నాకు తరచుగా ఎదురయ్యే జవాబు. ఏసీ రోజంతా, ఇల్లంతా నడిస్తే ఆ మాట నిజమే. మన ఇళ్లలో ఏసీ పడకగదిలో రాత్రి నడుస్తుంది, పొద్దున ఆపేస్తారు, కిటికీలు తెరుస్తారు. రాత్రంతా చల్లబడిన గోడల మీద, అద్దాల మీద, బీరువా తలుపు మీద ఆ వెచ్చని తడిగాలి తగిలి నీరుగా మారుతుంది. రోజూ ఒకసారి చల్లబడి ఒకసారి తడిసే గదిలో తోలు సంచికి బూజు పట్టడం, ఏసీ లేని, గాలి ధారాళంగా ఆడే గదిలో కంటే త్వరగా జరగవచ్చు. పాత ఇళ్లలో ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు పెట్టిన వారు ఉక్కపోతను తగ్గించుకోవడంతో పాటు వస్తువులను కూడా కాపాడుకున్నారు. ఆ ఇళ్లకు తగినట్టు అమరిన సామానును, అమెరికాలో మూసి ఉంచిన ఇళ్లకు అమరిన సామానును ఒకే కొలబద్దతో చూడడం సరికాదు.

విద్యుత్తు సంగతి చాలామందికి సగమే తెలుసు. అమెరికాలో 120 వోల్టులు, ఇండియాలో 230 వోల్టులు అని అందరికీ తెలుసు కాబట్టి, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కొంటే సరిపోతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఇడ్లీపిండి కోసం అక్కడ ప్రేమగా కొనుక్కున్న వెట్ గ్రైండరు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, దాని మోటారు మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. సరఫరా ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడే పాత గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. వాషింగ్ మెషిన్లకు, మైక్రోవేవ్ పొయ్యిలకు ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులని, 50 మరియు 60 హెర్ట్జ్ అని రెండూ రాసి ఉన్న ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, కెమెరాలు నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. మోటారు ఉన్నవీ, వేడిచేసేవీ అక్కడే అమ్మేయాలి. ఇక్కడ ఫ్రిజ్ కొనేటప్పుడు కూడా లేబులు మీద వాతావరణ తరగతి చూడండి: టి అన్న అక్షరం ఉన్నది 43 డిగ్రీల దాకా, ఎన్ అన్నది 32 డిగ్రీల దాకా ఉండే గదికి తయారుచేసినవి.

దారిలో జరిగేది కూడా తక్కువేమీ కాదు. ఇరవై అడుగుల కంటైనరు లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది, నలభై అడుగుల దానిలో సుమారు 67. ఆ ఇనుప పెట్టె ఓడ మీద వారాల తరబడి పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. అట్టపెట్టెల్లో, చెక్క ప్యాలెట్లలో దాగి ఉన్న నీరు పగలు ఆవిరై, రాత్రి చల్లని పైకప్పుకు తగిలి బొట్లుగా మారి సామాను మీదే పడుతుంది. చినుకు పడని రోజున సర్దిన కంటైనరులో కూడా ఇది జరుగుతుంది. అందువల్ల సర్దే రోజున యజమాని చేయవలసిన పనులు ఉన్నాయి. ఖాళీ కంటైనరు లోపలికి వెళ్లి, తలుపులు మూయించి, ఎక్కడైనా సన్నని వెలుగు కనిపిస్తోందేమో చూడాలి. వెలుగు దూరే చోట నీరూ దూరుతుంది. నేల పలకలు తడిగా ఉంటే ఇంకో కంటైనరు తెప్పించమని మొహమాటం లేకుండా అడగాలి. తేమను పీల్చే కాల్షియం క్లోరైడు సంచులు గోడల వెంట వేలాడదీయించాలి. ప్యాకింగ్‌కు వాడే ముడి చెక్క మీద గోధుమ వెన్ను గుర్తూ హెచ్‌టీ అక్షరాలూ ఉన్నాయో లేవో చూడాలి: ఆ చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు భరించిందని, అందులో పురుగు బతికి లేదని ఆ ముద్ర అర్థం. ముద్ర లేని చెక్కతో వచ్చిన సరుకు రేవులోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇక వీణ గురించి. తీరాంధ్ర నుంచి వెళ్లిన సంగీతం తెలిసిన ఇళ్లలో బొబ్బిలి వీణ ఒకటి ఉండడం కద్దు. పనస మానును తొలిచి చేసే ఆ వీణకు తీగలు నొక్కే మెట్లు ఇరవై నాలుగు, అవన్నీ మైనంలో నిలిపినవి. ఓడ మీద ఎండకు కాగే కంటైనరులో ఆ మైనం మెత్తబడితే మెట్లు జరిగిపోతాయి, మొత్తం మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించాలి. అక్కడి చలికాలపు పొడిగాలికి ఒకసారి ఎండి, ఇక్కడి తడిగాలికి మళ్లీ ఉబ్బే పనస చెక్క సంగతి దీనికి అదనం. వీణను గట్టి పెట్టెలో పెట్టి మనతో పాటు విమానంలో తేవడం మంచిది. ఖర్చుకు వెనుకాడవద్దని చెబుతాను. విశాఖ చేరాక తీగలు వదులుచేసి, ఏసీ లేని గదిలో కొన్ని వారాలు కుదురుకోనిచ్చి, ఆ తరువాత శ్రుతి చేసుకోవాలి. అవసరమైతే మైనం పని చేసేవారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఉన్నారు, విశాఖ నుంచి అది దూరాభారం కాదు. పియానో విషయంలో నా జవాబు ఇంత ఓపికగా ఉండదు. దాని లోపలి చెక్కపలకా, తీగలు బిగించే మేకుల దిమ్మా ఆ దేశపు గాలికి కుదిరినవి, తీసుకురావద్దు.

పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో అడుగుభాగం చేసిన బూట్లు వేడికీ తేమకూ రసాయనికంగా విరిగి, వాడకుండా దాచినా పొడిపొడి అవుతాయి. తోలు సోఫాలకు బూజు పడుతుంది. కెమెరా కటకాల లోపల ఫంగస్ పెరిగి అద్దం మీది పూతను తినేస్తుంది కాబట్టి వాటికి 40, 50 శాతం ఆర్ద్రత నిలిపే పొడి పెట్టె కొనుక్కోవాలి. దళసరి చలి దుప్పట్లు, ఉన్ని కోట్లు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. పట్టుచీరలు మాత్రం తప్పక రావాలి, ప్లాస్టిక్ కవర్లలో కాక ఉతికిన నూలు గుడ్డలో చుట్టుకొని. కలరా ఉండలు జరీకి తగలకుండా చూసుకోవాలి, కొన్ని నెలలకొకసారి మడతలు మార్చాలి. మా అత్తయ్యగారు శీతాకాలంలో ఒక మధ్యాహ్నం చీరలన్నీ విప్పి నీడపట్టున ఆరవేసేవారు. ఆ పని వెనక ఉన్న జ్ఞానం నాకు అమెరికాలో ఎక్కడా అవసరపడలేదు, విశాఖకు వచ్చిన మొదటి ఏడే అవసరపడింది.

ఇదంతా చదివితే అన్నీ అమ్మేసి రమ్మనే వారి పక్షాన నేను మాట్లాడుతున్నానని అనిపించవచ్చు. వారితో కూడా నాకు పెద్ద విభేదం ఉంది. వారి మాటలో వస్తువంటే మళ్లీ కొనుక్కోగలిగేది మాత్రమే. పెద్దలు రాసిన ఉత్తరాలు, చేత్తో గీసిన బొమ్మలు, ఇరవై ఏళ్లు నూనె తాగి నల్లబడిన ఇనుప పెనం, చేతికి అలవాటైన రంపాలూ సుత్తులూ, పిల్లలు చదివి అంచులు నలిపిన పుస్తకాలు ఏ దుకాణంలోనూ దొరకవు. పైగా వీటిలో ఎక్కువ భాగం కాస్త జాగ్రత్త తీసుకుంటే తేమను తట్టుకునేవే. పిల్లల విషయంలో అయితే నా నియమాన్ని నేనే పక్కన పెడతాను. పదేళ్ల పిల్లకు దేశమూ బడీ స్నేహితులూ ఒకేసారి మారిపోతున్నప్పుడు, తన పెట్టెలో ఏం పెట్టుకోవాలో తననే నిర్ణయించుకోనివ్వాలి. అందులో విశాఖ ఎండలో ఎప్పటికీ కప్పుకోలేని బొచ్చు దుప్పటి ఉన్నా సరే, అది రావాలి. ఆ పెట్టె గురించి పెద్దవాళ్లు తేమ లెక్కలు చెప్పకూడదు.

తేదీల దగ్గర తేమ, కస్టమ్స్, బడి మూడూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడులు జూన్ నడిమి వారాల్లో తెరుస్తారు, నైరుతి రుతుపవనాలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది. కంటైనరు ఆ నెలల్లో రేవు యార్డులో కూర్చోకూడదు. సామానును ఫిబ్రవరి చివర్లో అక్కడ ఎక్కించి, ఏప్రిల్ చివరికో మే మొదటికో ఇక్కడ దింపుకొని, వానలు రాకముందే అన్ని పెట్టెలూ విప్పేయడం మంచి పద్ధతి. ఇందులో చిక్కు ఏమిటంటే, 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైన తరువాత చాలా ఓడలు సూయెజ్‌ను వదిలి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి రావలసి వచ్చింది, దానితో ప్రయాణం సుమారు రెండు వారాలు పెరిగింది. కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారితే ఇంకొంత ఆలస్యం. ఈ రోజులను ముందే కలుపుకోకపోతే మే నెల అనుకున్నది జులై అవుతుంది.

కస్టమ్స్ విషయంలో, 2026 ఫిబ్రవరిలో కొత్త నియమాలు వచ్చేదాకా అమలులో ఉన్న 2016 బ్యాగేజీ నియమాల ప్రకారం, విదేశంలో కనీసం రెండేళ్లు ఉండి నివాసం మార్చుకొని వచ్చేవారికి 5 లక్షల రూపాయల విలువ దాకా వాడిన ఇంటి సామానుపై సుంకం మినహాయింపు ఉండేది. వెనకటి రెండేళ్లలో సెలవులకు ఇండియా వచ్చి ఉన్న కాలం మొత్తం ఆరు నెలలు దాటకూడదని అప్పటి షరతు. విడిగా వచ్చే సామాను మనం రావడానికి రెండు నెలల ముందు దాకా దిగవచ్చునని, మనం వచ్చాక పంపేదైతే ఒక నెలలోపు బయలుదేరాలని కూడా ఆ నియమాల్లో ఉండేది. ఇలాంటి పరిమితులను ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది కాబట్టి, బయలుదేరే నెలలో అమలులో ఉన్న నోటిఫికేషన్‌ను స్వయంగా చదవండి. ప్రతి పెట్టెకూ నంబరు, ప్రతి వస్తువుకూ వాడిన స్థితిలో ఉన్న విలువ, ఒక పట్టికలో ఉండాలి. "వంటింటి సామాను" అని పొడిగా రాసిన పెట్టెను అధికారి విప్పించి చూస్తారు, విప్పించిన కాలానికి రేవులో డెమరేజ్, అంటే కంటైనరు ఆగి ఉన్నందుకు కట్టే రుసుము, మన మీద పడుతుంది. పాస్‌పోర్టులు, పిల్లల జనన పత్రాలు, బడి సర్టిఫికెట్లు, టీకా పట్టికలు, నగలు కంటైనరులోకి వెళ్లకూడదు. అవి చేతిసంచిలో మీతోనే రావాలి.

బీమా పత్రాన్ని నేను పూర్తిగా చదవమంటాను, చదవడం విసుగే అయినా. ఓడ మొత్తం మునిగితేనే డబ్బిచ్చే పాలసీ ఒకటి, అన్ని రకాల నష్టాలకూ వర్తించేది మరొకటి. రెండో రకంలో కూడా, యజమాని స్వయంగా సర్దిన పెట్టెలో పగిలిన వాటికీ, బూజుకూ తేమకూ వర్తించదన్న వాక్యాలు తరచుగా ఉంటాయి. ఉష్ణమండలానికి వెళ్లే సామానుకు ముఖ్యమైన నష్టమే మినహాయింపుల జాబితాలో ఉంటే, ఆ వాక్యాన్ని తొలగించమని అడగాలి, అదనపు ప్రీమియం కట్టవలసి వచ్చినా. ఉమ్మడి నష్టం అనే పాత సముద్ర న్యాయం కూడా ఉంది: ఓడను కాపాడడానికయ్యే అసాధారణమైన ఖర్చును సరుకు యజమానులందరూ తమ తమ వాటా ప్రకారం భరించాలి. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఇరుక్కున్న ఎవర్ గివెన్ ఓడ యజమానులు దానినే ప్రకటించారు, బీమా లేని సరుకుదారులు తమ పెట్టెలు విడిపించుకోవడానికి ముందుగా హామీ చూపవలసి వచ్చింది. మన ఇంటి గిన్నెలూ పుస్తకాలూ కూడా ఆ చట్టం దృష్టిలో సరుకే.

సామాను ఇంటికి చేరాక పెట్టెలను అటక మీదకు ఎక్కించి తరువాత చూసుకుందామనుకోవద్దు. అట్టపెట్టెలు తేమనూ చెదలనూ బొద్దింకలనూ పిలుస్తాయి. విప్పిన రోజే వాటిని ఇంటి బయటకు పంపాలి. మొదట గుడ్డలు, తరువాత కాగితాలూ పుస్తకాలూ, చివరకు గిన్నెలు అన్న వరుసలో విప్పండి. పుస్తకాల అలమరను బయటి గోడకు ఆనించకుండా లోపలి గోడ పక్కన, గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి నిలబెట్టండి. అరల్లో పుస్తకాలను బిగించి కుక్కవద్దు, వెనక గాలి ఆడాలి. తాళపత్రాల కాలంలో వాడిన వసకొమ్ము ఇప్పటికీ పచారీ కొట్టులో దొరుకుతుంది, పురుగు రాకుండా ఒక్కో అరలో ఒక ముక్క వేయండి. నష్టం తెలియజేయడానికి బీమా పత్రంలో ఇచ్చిన గడువు సామాను చేరిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, ప్రతి పెట్టెనూ ఆ గడువులోపు విప్పి, పాడైన వాటిని పెట్టె నంబరు కనిపించేలా ఫోటో తీసి, పట్టికతో సరిచూసి అదే వారంలో పంపించండి.